పరివర్తన నాయకత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా చేరి, చివరి 11 ఏళ్ళు ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి విరమించాను. కొత్తగా బడి బాధ్యత తీసుకున్నవారు, మహిళా సమాఖ్యల అధ్యక్షురాళ్ళు, చిన్న సంస్థలు నడుపుతున్న యువతీ యువకులు అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటారు. వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒక చోట చేర్చాను.

పరివర్తన నాయకత్వం అంటే ఏమిటి?

ఈ ఆలోచనకు గట్టి పునాది వేసినవారు అమెరికా చరిత్రకారుడు, రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్. 1978లో ఆయన నాయకులను రెండు తెగలుగా చూశారు. మొదటి తెగది ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం: నువ్వు ఓటు వెయ్యి, నేను రోడ్డు వేయిస్తాను, నువ్వు పని చెయ్యి, నేను జీతం ఇస్తాను. రెండో తెగలో నాయకుడూ అనుచరులూ ఒకరినొకరు పైకి లేపుకుంటారు. కలిసి నడిచే క్రమంలో ఇద్దరి ఆశయాలూ పెద్దవవుతాయి, నీతి కూడా ఒక మెట్టు ఎక్కుతుంది. ఇందుకు ఆయన చూపిన ఉదాహరణల్లో గాంధీజీ ముఖ్యులు. 1985లో బెర్నార్డ్ బాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ఆలోచనను కార్యాలయాలకూ సైన్యానికీ వర్తింపజేసి, కొలవడానికి వీలైన రూపం ఇచ్చారు.

నా మాటల్లో చెప్పాలంటే, మీతో పనిచేసిన మనిషి మీ దగ్గరికి వచ్చిన రోజు కంటే వెళ్ళే రోజున పెద్ద మనిషై ఉండాలి. మీరు కూడా.

జీతం, హాజరు, గడువు, మెమో ఇవన్నీ పాత పద్ధతులు కదా? వాటిని వదిలేయాలా?

వదలకండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం శుభ్రంగా లేని చోట ఎవరూ పెద్ద ఆశయాలను నమ్మరు. పరివర్తన నాయకత్వం దాని స్థానంలోకి రాదని, దాని మీద ఇంకో అంతస్తుగా లేస్తుందని బాస్ కూడా చెప్పారు.

గుజరాత్‌లోని ఆణంద్ పాల సహకార సంఘాన్ని, అంటే ఇప్పుడు మనం అమూల్ అంటున్నదాన్ని చూడండి. 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో మొదలైంది. 1949లో ప్రభుత్వ ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళిన వర్గీస్ కురియన్ అనే యువ ఇంజనీరు ఆ ఊళ్ళో ఉండడం ఇష్టం లేకుండానే వెళ్ళారు, ఎప్పుడు బయటపడదామా అని చూశారు. త్రిభువన్‌దాస్ ఆపితే ఆగారు. తరువాతి కథ దేశమంతటికీ తెలుసు. కానీ అంత పెద్ద మార్పు నిలబడింది దేని మీద? రైతు పోసిన పాలను కళ్ళ ముందు కొలిచి, వెన్న శాతం చూసి, దానికి తగిన డబ్బు చేతిలో పెట్టడం మీద. కులం చూడకుండా అందరూ ఒకే వరుసలో పాలక్యాను పట్టుకుని నిలబడ్డారు. కొలతలో మోసం లేదని తెలిశాక, ఇది మన సంఘం అన్న భావన రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

మీ దగ్గర పనిచేసేవాళ్ళకు రావలసిన బిల్లు మూడు నెలలుగా ఆగి ఉంటే, ముందు దాన్ని కదిలించండి. ఆశయాల గురించి తరువాత మాట్లాడవచ్చు.

ఇందులో నాలుగు అంశాలు ఉంటాయంటారు. అవి ఏమిటి? దేనితో మొదలుపెట్టాలి?

ఆదర్శంగా నిలవడం, స్ఫూర్తినివ్వడం, ఆలోచన రేకెత్తించడం, ప్రతి మనిషి మీదా విడిగా శ్రద్ధ పెట్టడం. శిక్షణ తరగతుల్లో వీటిని ఇదే వరుసలో చెబుతారు. అందుకే కాబోలు, కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్ళు మొదటి రెండింటితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

నేనూ అదే చేశాను. ప్రధానోపాధ్యాయురాలిగా చేరిన మొదటి సోమవారం ప్రార్థన సమావేశంలో 40 నిమిషాలు మాట్లాడాను. నూటికి నూరు శాతం ఫలితాలు, జిల్లాలో మొదటి స్థానం, ఇంకా ఏవేవో. ఎండలో నిలబడ్డ ఆరో తరగతి పిల్లవాడొకడు కళ్ళు తిరిగి పడిపోయాడు. ఉపాధ్యాయులు చప్పట్లు కొట్టారు. మూడు వారాలు గడిచినా బడిలో ఒక్క గంట కూడా మారలేదు.

నాలుగో దానితో మొదలుపెట్టండి. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. ఒక్కొక్క మనిషి సంగతి తెలియకుండా ఇచ్చే స్ఫూర్తి ఎవరికీ తగలదు. మనిషి తెలిసిన తరువాత మిగతా మూడింటికీ దారి దానంతటదే కనబడుతుంది.

ఒక్కొక్కరి మీద శ్రద్ధ అంటే పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడం, ఇంటి సంగతులు అడగడమేనా?

అవి మర్యాదలు, ఉండవలసినవే. నేను చెప్పే శ్రద్ధ వేరు: ఈ మనిషికి ఏం తెలుసు, ఏం చేయగలరు, ఎక్కడ ఆగిపోయారు అన్నది కనిపెట్టడం. ఒక సంఘటన చెబుతాను. నాకు ఈ విద్య నేర్పింది అదే.

మాది మిరప పండే ప్రాంతం. జనవరి నుంచి కోతలు మొదలవుతాయి. ఆ రోజుల్లో హాజరు పడిపోతుంది. ఏటా పడిపోయేదే కనుక మేమంతా దాన్ని ఎండలాగా, వానలాగా చూడడం అలవాటు చేసుకున్నాం. ఒక మధ్యాహ్నం వంటగది వైపు వెళితే, వంట చేసే ఆవిడ గోనెసంచి మూతి కడుతూ, "రోజూ రెండు కిలోల బియ్యం మిగులుతున్నాయి పెద్దమేడమ్ గారూ" అన్నారు. మామూలుగా అయితే సరేనని వచ్చేసేదాన్ని. ఆ రోజు ఎందుకో నిలబడి, "ఎవరి వాటా అమ్మా అది?" అని అడిగాను.

ఆవిడ వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పారు. 14 మంది. అందరూ ఆడపిల్లలే, ఏడు నుంచి తొమ్మిది తరగతుల వాళ్ళు. మనిషికి 150 గ్రాముల చొప్పున రెండు కిలోల లెక్క దాదాపు సరిపోయింది. వాళ్ళు కోతలకు వెళుతున్నారని నేను అనుకున్నాను. "వాళ్ళు వెళ్ళడం లేదమ్మా, వాళ్ళ అమ్మలు వెళుతున్నారు. తెల్లవారుజామున ఐదింటికి ఆటో వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లను ఎవరు చూస్తారు? ఈ పిల్లే చూడాలి" అన్నారు.

నా బడి హాజరు ఎందుకు పడిపోతోందో నాకు తెలియదు, మా ఉపాధ్యాయులకు తెలియదు. ఆవిడకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు. ఎవరూ అడగలేదు.

శనివారం సిబ్బంది సమావేశానికి ఆవిడను పిలిచాను. గుమ్మం దగ్గరే ఆగి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడ్డారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మా తెలుగు మాస్టారు లేచి తన పక్క కుర్చీ జరిపి, "రండక్కా" అన్నాక అంచు మీద కూర్చున్నారు. విషయం ఆవిడ చేతనే చెప్పించాను. తరువాత, ఏం చేద్దామని అడిగి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చాలా కష్టమైన పని, అయినా ఊరుకున్నాను. కాసేపటికి ఆవిడే అన్నారు: పక్కనే అంగన్‌వాడీ ఉంది కదా, బడికి వచ్చేటప్పుడు చంటిదాన్ని అక్కడ దింపి, వెళ్ళేటప్పుడు తీసుకువెళితే సరిపోదా?

అంగన్‌వాడీ టీచరు ఒప్పుకున్నారు. ఇళ్ళకు వెళ్ళి తల్లులతో మాట్లాడే పని వంట చేసే ఆవిడ, తెలుగు మాస్టారు కలిసి తీసుకున్నారు. ఫిబ్రవరి నెలాఖరుకు 14 మందిలో 9 మంది తిరిగి వచ్చారు. మిగతా ఐదుగురి ఇళ్ళలో మూడేళ్ళు నిండని పిల్లలు ఉన్నారు. అంత చిన్నవాళ్ళను అంగన్‌వాడీలో రోజంతా ఉంచుకోరు. ఆ ఐదుగురి విషయంలో మేము ఏమీ చేయలేకపోయాం. వాళ్ళలో ఇద్దరికి ఆ వేసవిలోనే పెళ్ళిళ్ళయ్యాయి. ఆ మాట రాస్తున్నప్పుడు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

నాయకత్వం పుట్టుకతో వచ్చేది కాదా? మొక్కై వంగనిది మానై వంగుతుందా?

వంగుతుంది, ఆధారం ఉంది. కెనడాలో ఒక బ్యాంకు శాఖల మేనేజర్లలో కొందరిని ఎంచి, ఒక రోజు తరగతి, ఆపైన నెలకొకటి చొప్పున నాలుగుసార్లు విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడడం అనే శిక్షణ ఇచ్చారు. జూలియన్ బార్లింగ్ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనం ఇది. శిక్షణ పొందిన మేనేజర్లలో మార్పును వాళ్ళ కింద పనిచేసేవాళ్ళు గుర్తించారు, సంస్థ పట్ల ఆ కింది ఉద్యోగుల నిబద్ధత కూడా పెరిగింది. 2002లో ఇజ్రాయెల్ సైన్యంలో జరిగిన మరో ప్రయోగంలోనూ ఈ శిక్షణ పొందిన అధికారుల కింది సైనికులు మెరుగ్గా ఎదిగారు.

మొదటి అధ్యయనంలో నాకు నచ్చేది ఆ నాలుగు నెలవారీ సమావేశాలు. ఒక్క రోజు తరగతితో వదిలేయలేదు. మన దగ్గర శిక్షణ అంటే ఒక హాలు, ఒక బ్యానరు, మధ్యాహ్న భోజనం, సాయంత్రం ధ్రువపత్రం. మరుసటి నెల వచ్చి, అనుకున్నది చేశారా, ఎక్కడ ఆగింది అని అడిగే మనిషి ఉండరు. మీరు నిజంగా మారదలిస్తే అలా అడిగే మనిషిని ఒకరిని వెతుక్కోండి. నాకు పక్క మండలంలోని ఒక సీనియర్ ప్రధానోపాధ్యాయుడు ఆ పని చేశారు. నెలలో రెండో ఆదివారం ఫోను చేసేవారు. అడిగేది ఒకటే: "ఈ నెల ఎవరి మాట విని నీ నిర్ణయం మార్చుకున్నావమ్మా?"

నేను బాగా మాట్లాడలేను. నలుగురిలో నిలబడితే గొంతు పెగలదు. నాకు ఇది సాధ్యమేనా?

మధురైలో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మితభాషి. యువకుడిగా ఉన్నప్పుడే కీళ్ళవాతం వచ్చి చేతివేళ్ళు వంకర తిరిగిపోయాయి. ఆ వేళ్ళతోనే కంటి శస్త్రచికిత్స నేర్చుకున్నారు, తన చేతికి సరిపడేలా పనిముట్లు చేయించుకున్నారు. 58 ఏళ్ళకు ప్రభుత్వ ఉద్యోగం నుంచి విరమించాక, 1976లో 11 పడకలతో ఆసుపత్రి తెరిచారు. కుటుంబం మొత్తం ఆయన వెంట నడిచింది. డబ్బు ఇవ్వగలిగినవారి నుంచి తీసుకుని, ఇవ్వలేనివారికి ఉచితంగా చేసే పద్ధతి మీద అది ప్రపంచంలోని అతిపెద్ద కంటి వైద్య వ్యవస్థల్లో ఒకటిగా ఎదిగింది. పల్లెటూళ్ళ ఆడపిల్లలను తీసుకుని, శిక్షణ ఇచ్చి, శస్త్రచికిత్సకు ముందూ వెనుకా చేయవలసిన పనులన్నీ వాళ్ళ చేతుల్లో పెట్టారు. కంటిలో అమర్చే దిగుమతి కటకాల (లెన్సుల) ధర పేదలకు అందనప్పుడు, 1992లో సొంతంగా తయారు చేసే సంస్థనే మొదలుపెట్టారు.

ఇందులో ఉపన్యాసం ఎక్కడుంది? నిండుకుండ తొణకదని మనవాళ్ళు ఊరికే అనలేదు. తక్కువ మాట్లాడేవారికి వినడానికి సమయం ఉంటుంది. గొంతు గురించి దిగులు పడకండి. నలుగురిలో కుదరకపోతే ఒక్కొక్కరితో మాట్లాడండి. ముఖ్యమైనదంతా అక్కడే జరుగుతుంది.

నాకు పదవి లేదు, అధికారం లేదు. నా మాట ఎవరు వింటారు?

నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్న రోజులు. రాత్రిపూట చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు, పాఠంలో సారా గురించి వచ్చినప్పుడు తమ ఇళ్ళ సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి స్త్రీలు ఊళ్ళోకి సారా రానివ్వకుండా అడ్డుకున్నారు. ఊరు నుంచి ఊరికి పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. తరువాత ఆ నిషేధాన్ని సడలించారు, అది వేరే చరిత్ర.

వాళ్ళలో ఎవరికీ పదవి లేదు. ఉన్నదల్లా ఒకచోట కూర్చుని, ఒకరి బాధ ఇంకొకరు వినే సాయంత్రాలు. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో బయటకు వచ్చాక, ఇది నా ఒక్కదాని ఖర్మ అన్న భావన పోయింది. నేను చెప్పే ఒక్కొక్కరి మీద శ్రద్ధకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు. మీ కార్యాలయంలో మీరు గుమాస్తా అయినా, పక్కబల్ల మనిషితో మొదలుపెట్టవచ్చు.

మంచి లక్ష్యాన్ని ఎలా రూపొందించాలి?

మీ గదిలో ఒంటరిగా కూర్చుని రాయకండి. ముందు ఒక్కొక్కరితో మాట్లాడండి, వాళ్ళ మాటల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేది ఏమిటో చూడండి. వంట చేసే ఆవిడకు కూడా అర్థమయ్యేంత చిన్న వాక్యంగా రాయండి. మేము చివరకు రాసుకున్నది ఇది: "కోతల కాలంలో కూడా ఏ పిల్ల బల్లా ఖాళీగా ఉండకూడదు." జిల్లాలో మొదటి స్థానం గురించి ఎవరికీ పట్టింపు లేకపోయింది. ఖాళీ బల్ల మాత్రం అందరికీ కనబడేది.

నేను ఏం చెప్పినా ఎదురు చెప్పే మనిషి ఒకరున్నారు. ఏం చేయాలి?

ముందు ఆ మనిషికి కృతజ్ఞతగా ఉండండి, నిజంగానే చెబుతున్నాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కొట్టిపారేయడం సులభం. అయితే మీ ముందు మౌనంగా తల ఊపి బయటకు వెళ్ళి ఏమీ చేయని పదిమంది కంటే, ముఖం మీద కాదనే ఒక్కరే పనికి వస్తారు. ఆయన అభ్యంతరాన్ని ఆయన కంటే బాగా మీరు చెప్పగలరేమో ప్రయత్నించండి. "మీరు అంటున్నది ఇదేనా?" అని అడిగి, "అవును, ఇదే" అని ఆయన చేత అనిపించుకున్నాకనే జవాబు ఇవ్వండి.

ఆలోచన రేకెత్తించడం అనే మూడో అంశం ఇక్కడే పరీక్షకు వస్తుంది. గేదె పాలతో పాలపొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అంటుంటే, కురియన్ మిత్రుడు హెచ్.ఎం. దలాయా చేసి చూపిస్తానన్నారు, చూపించారు. 1955లో ఆణంద్‌లో ఆ కర్మాగారం మొదలైంది. అందరూ కాదన్నదాన్ని అవునన్న మనిషి మాటకు అక్కడ చోటు దొరికింది. మీ దగ్గర దొరుకుతుందా?

ఎదురు చెప్పడం వేరు, పని ఎగ్గొట్టడం వేరు. రెండో దానికి నియమాలు ఉన్నాయి, వాటిని వాడండి.

బాధ్యత అప్పగించాను, పని పాడైంది. ఇప్పుడు ఏం చేయాలి?

నేను చేసిన పని చేయకండి. కొత్తగా వచ్చిన సైన్సు ఉపాధ్యాయుడికి వైజ్ఞానిక ప్రదర్శన బాధ్యత మొత్తం ఇచ్చాను. కుర్రవాడు ఉత్సాహంగా తీసుకున్నాడు. పిల్లల నమూనాలన్నీ బాగా చేయించాడు గానీ, వాహనం సంగతి ముందురోజు సాయంత్రం దాకా చూడలేదు. పిల్లలు ఆలస్యంగా చేరారు, రెండు నమూనాలు దారిలో విరిగిపోయాయి. మరునాడు సిబ్బంది గదిలో, అందరి ముందు, "మీకు అప్పగించడం నాదే తప్పు" అన్నాను. ఆ వాక్యం ఎంత పదునైనదో అప్పుడు నాకు తెలియలేదు. తరువాత రెండేళ్ళ పాటు ఆయన దేనికీ ముందుకు రాలేదు. అడిగితే, "మీరు చెప్పండి మేడమ్, చేస్తాను" అనేవారు. చెప్పింది చెప్పినట్టు చేసేవారు, అంతకు మించి ఒక్క అడుగు వేయలేదు.

ఆయన ఇంటికి వెళ్ళి, ఆ మాట అన్నందుకు క్షమించమని అడగడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అప్పటికే బదిలీ ఉత్తర్వులు వచ్చి ఉన్నాయి.

అప్పగించేటప్పుడే మూడు సంగతులు తేల్చుకోండి: ఏ నిర్ణయాలు పూర్తిగా వారివి, ఏ దశలో మీతో ఒకసారి చూసుకోవాలి, డబ్బు ఎంతవరకు. పాడైతే నలుగురిలో బాధ్యత మీరు తీసుకోండి, గదిలో ఇద్దరే కూర్చుని ఎక్కడ తప్పిందో చూడండి. తరువాత అదే పనిని అదే మనిషికి మళ్ళీ ఇవ్వండి. చాలామంది చేయనిది ఈ చివరిదే.

ఆదర్శంగా నిలవడమంటే తప్పే చేయకూడదా?

తప్పులు లేని మనిషి ఎవరికీ ఆదర్శం కాలేరు, దూరం నుంచి దండం పెట్టించుకుంటారు, అంతే. కావలసింది మాటకూ నడవడికకూ మధ్య దూరం తగ్గడం. తెలుగు నేల మీద పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ (1934–2010) గురించి ఆయనతో పనిచేసినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. వెట్టిచాకిరీ నిర్మూలన, దళితుల చదువు, పాకీపని నిర్మూలన ఆయన జీవితమంతా పట్టుకున్న పనులు. పెళ్ళి చేసుకోలేదు, నిరాడంబరంగా బతికారు, తన రాబడిలో పేద విద్యార్థుల చదువుకు ఇచ్చారు, పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. పేదల గురించి ఆయన మాట్లాడితే కింది ఉద్యోగి కదిలింది అందుకే.

అందరం శంకరన్ కాలేం. ఉదయం తొమ్మిదింటికి రమ్మని చెప్పే మనిషి తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు రాగలరు. అక్కడ మొదలుపెట్టవచ్చు.

పైఅధికారులు సహకరించకపోతే?

వాళ్ళకు కావలసిన నివేదికలు వేళకు, సరిగ్గా పంపండి. మీ మీద నమ్మకం కుదిరితే మీకు కాస్త చోటు దొరుకుతుంది. ఆ చోటులో ఎవరి అనుమతీ అక్కరలేని మార్పులు చేయండి. వంట చేసే ఆవిడను సమావేశానికి పిలవడానికి నాకు ఏ ఉత్తర్వూ అవసరం రాలేదు.

జనాన్ని వెంట తిప్పుకునే ప్రతి నాయకుడూ పరివర్తన నాయకుడేనా? మోసగాళ్ళు కూడా జనాన్ని కదిలిస్తారు కదా?

ఇది చాలా అవసరమైన ప్రశ్న. హిట్లర్ కోట్లమందిని కదిలించాడు. బర్న్స్ మాత్రం అతనిని ఈ వరుసలో చేర్చడానికి ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆయన నిర్వచనంలో నీతి ఒక భాగం. బాస్ మొదట్లో నీతిని అంతగా పట్టించుకోలేదు, తరువాత అభిప్రాయం మార్చుకున్నారు. 1999లో పాల్ స్టైడ్‌ల్‌మయర్‌తో కలిసి, అసలు పరివర్తన నాయకులనూ నకిలీలనూ వేరు చేసి రాశారు. నకిలీ నాయకుడు కూడా అందంగా మాట్లాడతాడు, త్యాగం అడుగుతాడు. ఫలం మాత్రం తన ఇంటికి చేరుతుంది, అనుచరులు నానాటికీ అతని మీద ఆధారపడతారు.

మిమ్మల్ని మీరు చూసుకోవడానికి నేను సూచించేది ఇది. మీరు చెప్పింది తప్పని మీ కింది మనిషి చివరిసారి ఎప్పుడు అన్నారు? అన్న తరువాత ఆ మనిషికి ఏమైంది? మొదటి ప్రశ్నకు తేదీ గుర్తు రాకపోయినా, రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి సిగ్గేసినా, అక్కడ ఆగి ఆలోచించండి.

ఇంకొక మాట. సంస్థ గెలిస్తే అంతా నాయకుడి వల్లే, ఓడితే అంతా నాయకుడి వల్లే అనుకోవడం మనందరి అలవాటు. జేమ్స్ మైండెల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1985లోనే దీన్ని ఎత్తి చూపారు. వాన, ధర, బదిలీ, అదృష్టం ఇవన్నీ ఫలితంలో ఉంటాయి. పరివర్తన నాయకత్వం అనే భావన మీద కూడా గట్టి విమర్శ ఉంది: నాలుగు అంశాలను ఎందుకు కలిపారో స్పష్టత లేదని, కొలిచే పద్ధతిలో కారణమూ ఫలితమూ కలిసిపోయాయని 2013లో వాన్ క్నిప్పెన్‌బర్గ్, సిట్కిన్ అనే పరిశోధకులు రాశారు. ఆ విమర్శ సరైనదేనని నా అభిప్రాయం. అయినా ఈ నాలుగు మాటలు నా పనిలో నాకు దారి చూపాయి కనుక వాడుతున్నాను.

అందరి కష్టాలూ వింటూ ఉంటే నేను అలసిపోతున్నాను.

అలసిపోతారు. వినడం అంటే ప్రతి కష్టాన్నీ మీరే తీర్చడం కాదని ముందుగా మీకు మీరు చెప్పుకోండి. వారానికి ఇద్దరితో మాత్రమే తీరుబడిగా మాట్లాడండి, పాతికమంది సిబ్బంది ఉన్నా మూడు నెలల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ఆదివారం ఇంటివాళ్ళకు ఇవ్వండి. నేను ఇవ్వలేదు, మా అమ్మాయి ఆ సంగతి ఇప్పటికీ అంటుంది.

రోజువారీగా ఏం చేయాలో సూటిగా చెబుతారా?

ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనండి. మీతో పనిచేసే ప్రతి మనిషికీ ఒక పేజీ ఇవ్వండి, అటెండరుకూ కాపలా మనిషికీ కూడా. పేజీ మీద వాళ్ళకు ఏం తెలుసో, ఏం నేర్చుకోవాలని ఉందో, కిందటిసారి మీకు ఏం చెప్పారో, దాని మీద మీరు ఏం చేశారో రాయండి. మొదటి నెలలో సగం పేజీలు ఖాళీగా ఉంటాయి. ఎవరి పేజీలు ఖాళీగా ఉన్నాయో చూస్తే మీ గురించి మీకే తెలుస్తుంది. నా పుస్తకంలో మొదట ఖాళీగా ఉన్నవి వంటవాళ్ళవీ, స్వీపరుదీ, ఇద్దరు మహిళా ఉపాధ్యాయులవీ. మగ ఉపాధ్యాయుల పేజీలు నిండి ఉన్నాయి, ఎందుకంటే వాళ్ళు తమంతట తామే నా గదిలోకి వచ్చి మాట్లాడేవారు.

ఆ పుస్తకాన్ని బీరువాలో తాళం వేసి ఉంచండి. ఎవరినైనా శిక్షించడానికి ఆ పేజీలు వాడిన రోజున, ఇక ఎవరూ మీకు ఏమీ చెప్పరు.

నేను బదిలీ అయి వెళ్ళిపోతే అంతా మొదటికి రాదా?

కొంత వస్తుంది. నేను విరమించిన ఆరు నెలలకే శనివారం సమావేశాలు ఆగిపోయాయి. గోడ మీద రాయించిన వాక్యం మీద సున్నం వేశారు. వచ్చిన ప్రధానోపాధ్యాయుడి పద్ధతి వేరు, ఆయన హక్కు అది.

అంగన్‌వాడీ ఏర్పాటు మాత్రం నడుస్తోంది. దాన్ని నడిపేది ప్రధానోపాధ్యాయుడు కాదు కనుక నడుస్తోంది. జనవరి మొదటి వారంలో వంట చేసే ఆవిడ నాకు ఫోను చేస్తారు. కిందటి ఏడు 11 మంది పేర్లు చెప్పారు. ఎవరి ఇంటికి ఎవరు వెళుతున్నారో కూడా చెప్పారు. నన్ను ఏమీ అడగలేదు.